బండారి ఓదెలు అనే తుపాకీ

పాత ఆయుధాల గుర్తింపు శిబిరంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బండారి ఓదెలును తుపాకీగానూ, ఆయన తెచ్చిన తుపాకీని బండారి ఓదెలుగానూ నిర్ధారించారు. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. అప్పటికే భోజనాల వేళ దాటింది, ఇంకా పద్నాలుగు టోకెన్లు మిగిలి ఉన్నాయి.

ఓదెలుకు అరవై ఎనిమిదేళ్ళు. తుపాకీకి అంతకు రెట్టింపు ఉండొచ్చు. దాని ట్రిగ్గరు చుట్టూ ఉంగరంలా ఒక లీవరు ఉంటుంది. దాన్ని కిందికి గుంజి మళ్ళీ పైకి కొడితే ఖాళీ తూటా బయటపడి, కొత్తది లోపలికి వెళ్తుంది. ఊళ్ళో దాన్ని గుంజుడు తుపాకి అనేవారు. అది గడిలో దొరది. దొర కుటుంబం పట్నం వెళ్ళిపోతూ దాన్ని ఓదెలు తండ్రి చేతిలో పెట్టి, జర చూసుకోమంది. మళ్ళీ అడగడానికి ఎవరూ రాలేదు.

ఓదెలు దాన్ని ఎన్నడూ పేల్చలేదు. పేల్చడం ఆయనకు రాదు. వచ్చిందల్లా ఒక్కటే పని. ఏటా దసరాకు ఆయుధపూజ ముందు దాన్ని ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి తోమి, గంధం బొట్లు పెట్టేవాడు. పన్నెండో ఏట మొదలుపెట్టి ఒక్క ఏడు కూడా మానలేదు. దొర వస్తే అది తళతళలాడుతుండగా చేతికివ్వాలని తండ్రి చెప్పిన మాట. ఆ మాట చెప్పిన తండ్రీ పోయాడు, దొరా పోయాడు, తోముడు మాత్రం పోలేదు.

ఇప్పుడు జిల్లాలోని పాత ఆయుధాలన్నీ గుర్తించి, విలువ కట్టి, అప్పగించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఓదెలుకు కావలసింది ఒక రసీదు. అది జేబులో పెట్టుకుని, భార్య లస్మవ్వతో మూడు గంటల బస్సు ఎక్కి ఇంటికి పోవాలి. ఆయన కోరిక అంతకన్నా పెద్దది కాదు.

విలువ కట్టడానికి హైదరాబాదు నుంచి మొహియుద్దీన్ సాబ్ వచ్చాడు. నాలుగు తరాలుగా తుపాకులు బాగుచేసే ఇల్లు ఆయనది. భూతద్దం పెట్టుకుని తుపాకీని చూసి, భూతద్దం తీసి మళ్ళీ చూశాడు.

"అరె, ఏం చేసిన్రయ్యా దీన్ని?"

"తోమిన సారూ."

"ఎన్నిసార్లు?"

"ఏటా."

సాబ్ కళ్ళు మూసుకున్నాడు. పాత తుపాకీ విలువంతా దాని రంగులో ఉంటుందనీ, ఇనుము తన కాలంలో తాను మట్టిరంగుకు తిరగాలనీ, దాన్ని మెరిపించడమంటే దాని వయసు తుడిచెయ్యడమేననీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. గొట్టం మీద తయారీదారు పేరూ, సంవత్సరమూ ఉండాలి. లేవు. లీవరు వెనక, అడుగున నంబరు ఉండాలి. అక్కడ అద్దంలా ఉంది, సాబ్ ముఖం కనబడింది. ఓదెలు తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకున్నాడు. యాభై ఆరేళ్ళు భక్తిగా చేసిన పని అది.

శిబిరం అధికారి డిప్యూటీ తాసిల్దారు ఇందుమతి. చెడ్డ మనిషి కాదు, వేగంగా పని చేసే మనిషి. పాత లైసెన్సు రిజిస్టరు తీసి 41736 అన్న నంబరు చూపించింది. "తుపాకి మీద ఇది లేకుంటే తీసుకోలేం తాతా. నంబరు లేని వస్తువును లోపల ఉంచొద్దు, గేటు బయట పెట్టెయ్యాలె. అది రూలు. ముందైతే నువ్వు వేలు పెట్టు."

ఓదెలు యంత్రం మీద బొటనవేలు పెట్టాడు. పడలేదు. తుడిచి పెట్టాడు, ఊది పెట్టాడు, నెత్తికి రాసి పెట్టాడు. పదకొండుసార్లూ పడలేదు.

"ఆరు నెలల సంది ఇంతేనమ్మా," అంది లస్మవ్వ. "బియ్యం దుకాణంల గూడ పడ్తలేదు. ఈన బియ్యం బందు పెట్టిన్రు. మనిషి ఎదురుంగ నిలవడ్డా లేడంటున్నరు."

బూడిదా చింతపండూ ఇనుము మీద చేసిన పనే వేళ్ళ మీదా చేశాయి. గీతలన్నీ పోయాయి.

అప్పుడు మొహియుద్దీన్ సాబ్ తుపాకీ కర్రభాగం మెడ దగ్గర, పట్టుకునే చోట, భూతద్దం ఆపాడు. అక్కడ కర్రలో బొటనవేలి ముద్ర ఒకటి దిగబడి ఉంది. ఒక్క గీత కూడా చెరగలేదు. ఆయన తుపాకీని పట్టుకెళ్ళి ఆ చోటును యంత్రానికి ఆనించాడు. యంత్రం టింగుమంది. తెర మీద ఓదెలు ఫొటో, తండ్రి పేరు, ఇంటి నంబరు వచ్చాయి.

తరవాత జరగవలసింది అందరికీ అర్థమయింది. సాబ్ ఓదెలు కుడిచేయి తిప్పి, తుపాకీ అడుగున అద్దంలా మెరిసే చోటు ముందు పెట్టాడు. అరచేతి మధ్యలో, అద్దంలో సరిగా చదివేటట్టు తిరగేసి, 41736 అని ఉంది. ఇందుమతి రిజిస్టరుతో రెండుసార్లు సరిచూసి టిక్కు పెట్టింది.

"ఈన మనిషి గదా మేడమ్," అంది లస్మవ్వ. "మాట్లాడుతున్నడు గదా."

"మాట్లాడుతున్నడని రాసేతందుకు ఫారంల జాగా లేదమ్మా. వేలిముద్రకుంది, నంబరుకుంది."

ఇక విలువ. వేలిముద్ర పడింది కాబట్టి తుపాకీ మనిషి. మనుషులకు విలువ కట్టే నియమం లేదు కాబట్టి ఫారంలో విలువ గడిలో అడ్డగీత కొట్టారు. సాబ్ టార్చి తీసుకుని ఓదెలును చూశాడు. మోకాళ్ళు వంచి చూశాడు, పళ్ళు చూశాడు, మెడ మీద రంగు చూశాడు.

"ఎన్నడన్నా రిపేరు చేయించిన్రా?"

"దవాఖానకే పోలేదు సారూ," అంది లస్మవ్వ.

సాబ్ ముఖం వెలిగింది. అసలు రంగు. అసలు భాగాలు. అరవై ఎనిమిదేళ్ళ ఎండ పడ్డ ఒళ్ళు, ఎవరూ మెరిపించలేదు. పదమూడు లక్షలని రాసి కింద సంతకం చేశాడు.

"ఎవలికి సారూ?" అన్నాడు ఓదెలు.

"నీకే తాతా. నీ విలువ," అంది ఇందుమతి.

ఓదెలు వెన్ను కాస్త నిటారుగా అయింది. తనకొక విలువుందని ఎవరైనా చెప్పగా ఆయన వినడం అదే మొదలు. సంతోషం వేసింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

రసీదు లస్మవ్వకు ఇచ్చారు. మూడు గంటల బస్సులో ఆమె తుపాకీని పక్కన కూర్చోబెట్టుకుంది. కండక్టరు ఆమెకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు, ఓదెలుకు పూర్తి టికెట్టు కొట్టాడు.

ఓదెలును జిల్లా ఆయుధాగారంలో పెట్టారు. నిలబెడితే వంగుతాడని పడుకోబెట్టారు. శుక్రవారం శుక్రవారం నూనె రాస్తారు. ఆయుధాలకు భోజనం మంజూరు లేదు గనుక లస్మవ్వ రెండు రోజులకోసారి డబ్బా తెస్తుంది. అందులో అన్నం తుపాకీ వేలిముద్రకు వచ్చిన బియ్యానిదే. మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, కలెక్టరు వచ్చి చూసిపోయాడనీ ఓదెలు చెబుతాడు. ఇంట్లో రాత్రిళ్ళు మంచం మీద తుపాకీ పక్కన పడుకోవడం ఎలా ఉందో లస్మవ్వ చెప్పదు.

ఆమె మాత్రం ఇందుమతి చెప్పిన రూలు మరచిపోలేదు. నంబరు లేని వస్తువును గేటు బయట పెట్టేస్తారు. దసరా నాడు ఆయుధపూజకు అందరినీ లోపలికి రానిస్తారు. ఆ రోజు ఆమె కొంగున చింతపండూ బూడిదా కట్టుకుని వచ్చింది. కానిస్టేబుళ్ళు కొబ్బరికాయలు కొట్టే హడావుడిలో ఉండగా ఓదెలు పక్కన కూర్చుని ఆయన కుడిచేయి ఒళ్ళోకి తీసుకుంది.

"తోముతా," అంది మెల్లగా. "అంకెలు పోతయ్. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉందాం."

ఓదెలు ఆమె ముఖం చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం పిడికిలి బిగించాడు.

"బయటికొస్తే నేనెవల్నే? ఓదెలు ఇంటికాడ ఉన్నడు గదా. నంబరు గూడ పోతే నేను తుపాకిని గాను, మనిషిని గాను."

"నాకు ఎరికె గదా నువ్వెవలో."

"నీకు ఎరికైతే యంత్రానికి ఎరికైతదా?" అని ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆమెకు వినబడీ వినబడనట్టు, "వద్దు లస్మీ, తోమితే విలువ పోతది," అన్నాడు.

కానిస్టేబులు వచ్చి ఓదెలు నుదుట గంధం పెట్టి, కుంకుమ అద్ది, పక్క తుపాకీ దగ్గరికి వెళ్ళాడు. లస్మవ్వ చింతపండు మళ్ళీ కొంగున ముడి వేసుకుంది.

తరవాతి నెల మూడో తారీఖున బియ్యం దుకాణంలో ఓదెలు వేలు ఒక్కసారికే పడింది.

"తాత మంచిగున్నడా?" అన్నాడు డీలరు, బియ్యం తూచుతూ.

"మంచిగనే ఉన్నడు," అంది లస్మవ్వ, చలిగాలికి తుపాకీ చుట్టూ దుప్పటి సరిచేస్తూ.