నరసింహమూర్తి మెడకు కాపడం

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, 1968 జూన్ పద్నాలుగో తేదీ శుక్రవారం ఉదయం పదిన్నరకు, ఉప్పల్ రోడ్డులోని ప్రభుత్వ సున్నపు పరిశోధనాలయంలో గుమాస్తా నరసింహమూర్తి మెడ విధి నిర్వహణలో ఉండగా పట్టేసింది.

ఆయన విధి తల ఊపడం. సున్నం తెల్లగా ఉంటుందా లేదా అన్న విషయం మీద ఆ ఆఫీసు పదేళ్లుగా అకుంఠిత దీక్షతో పరిశోధిస్తోంది. రోజూ ఉదయం ఆఫీసరు రామచంద్రరావు గారు ఒక మాట సెలవిస్తారు. సిబ్బంది తల ఊపుతారు. ఊగిన తలలు లెక్కపెట్టి "ఏకగ్రీవం" అని పుస్తకంలో రాస్తారు. నోటి మాట లెక్కలోకి రాదు. ఈ విద్యలో నరసింహమూర్తి గంగిరెద్దుకు పాఠం చెప్పగల సమర్థుడు. కాకినాడ నుంచి వచ్చి నాచారంలో కాపురం పెట్టిన ఎనిమిదేళ్లలో ఒక్క ఊపు కూడా ఆలస్యం చేసి ఎరుగడు. అందుకే ఖాళీ అయిన హెడ్‌గుమాస్తా కుర్చీ తనదేనని నమ్మకంగా ఉన్నాడు.

ఆ శుక్రవారం ఆఫీసరు గారు, "మనం కట్టించిన గోదాము గోడ నూరేళ్లు నిలుస్తుంది" అన్నారు. గోడ అప్పటికే నాచారం వైపు ఒరిగి ఉంది. ఇంత పెద్ద మాటకు మామూలు ఊపు చాలదని నరసింహమూర్తి మరింత గట్టిగా ఊపాడు. మెడలో ఏదో కలుక్కుమంది. ఇక అక్కణ్నించి తల పక్కలకు తిరుగుతుందే తప్ప కిందికీ పైకీ కదలదు.

ఆఫీసరు గారు ఐసు పెట్టమని ఆజ్ఞాపించారు. సూపరింటెండెంటు పరంధామయ్య గారు ఉప్పు కాపడమే శరణ్యమన్నారు. ప్రమోషను కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడాలి.

అటెండరు పాండురంగ తలుపు దగ్గర నిలబడి అన్నాడు: "జర ఆగున్రి సారూ. కొత్తగ పట్టిన మెడకు ఒకట్రెండు దినాలు సల్లటిది వెట్టాలె. ఎన్క కాపడం. రెండూ ఒక్కపారే వెడ్తే పాపం మెడ ఎవ్వరి మాట ఇనాలె?"

అటెండరు మాట కనుక ఎవరూ వినలేదు.

ఇంట్లో భార్య తారామణి రంపపు పొట్టు దులిపి ఐసు ముక్కను గుడ్డలో చుట్టింది. పెనం మీద ఉప్పు వేయించి మూట కట్టింది. ఎడమ వైపు ఆఫీసరు గారి ఐసు, కుడి వైపు సూపరింటెండెంటు గారి ఉప్పు. ఏకకాలంలో.

"ఒక్కటి చాలదటండీ?" అంది తారామణి.

"ఏది మానమంటావే? ఏది మానినా కుర్చీ పోతుంది."

"అవున్లెండి. అది మీ మెడైతే కదా, మీకు నచ్చిన కాపడం పెట్టుకోడానికి!"

సోమవారానికి మెడ మరింత బిగిసింది. ఆఫీసరు గారు చిరునవ్వుతో, "గోడ పటిష్ఠంగానే ఉంది కదా?" అన్నారు. నరసింహమూర్తి ప్రాణం ఉగ్గబట్టి తల వంచబోయాడు. నరం లాగింది. తల అడ్డంగా మూడుసార్లు ఊగింది. నోరు "చిత్తం, చిత్తం" అంటూనే ఉంది. పుస్తకంలో మాత్రం, ఆఫీసు పుట్టాక మొదటిసారి, "ఒకరు కాదన్నారు" అని నమోదైంది.

ఆ సాయంత్రం, అందరూ ఇళ్లకు వెళ్లాక, చిన్న వాన పడింది. వానతోపాటు గోడా పడింది.

తెల్లారేసరికి నరసింహమూర్తి మహానుభావుడు. చాయ్ హోటలువాడు డబ్బులు వద్దన్నాడు. "పెద్ద సారు మొకం మీదనే కాదన్నడంట! మెడ వంచని మనిషి!" అని ఉప్పల్ దాకా చెప్పుకున్నారు. మొదట్లో ఆయన సిగ్గుపడ్డాడు. బుధవారానికి, గోడను మార్చి నెల నుంచే గమనిస్తున్నానని తానే చెప్పడం మొదలుపెట్టాడు. గురువారానికి అది నిజమేనని ఆయనకూ అనిపించింది. తారామణి ఆయన చొక్కాలకు గంజి పెట్టడం మళ్లీ మొదలుపెట్టింది.

ఈలోగా ఆమె ఐసు మానేసి, పాండురంగ చెప్పినట్టు పూటపూటా ఉప్పు మూట ఒక్కటే పెట్టింది. చర్మం కాలకుండా కింద మడతపెట్టిన తువ్వాలు వేసింది. శుక్రవారం ఉదయానికి మెడ పట్టు వదిలేసింది.

అదే రోజు గోడ కూలడం మీద ఆఫీసులో విచారణ. చొక్కా అందిస్తూ తారామణి అంది: "ఇవాళ కూడా అలాగే నిలబడండి. కుర్చీ రాకపోతే పీడా పోయె. తల మాత్రం ఊపకండి."

"నేనా! నా సంగతి నీకు తెలీదూ?" అన్నాడాయన.

తెలుసు. అందుకే గుమ్మం దాకా వచ్చింది.

ఆఫీసరు గారి బల్ల మీద ప్రమోషను కాగితం ఉంది. రెండు సంతకాలూ అయ్యాయి, సిరా ఇంకా ఆరలేదు. ఆఫీసరు గారు లేచి గంభీరంగా ప్రసంగించారు: "మొన్న మీరు తల అడ్డంగా ఆడించినది కేవలం నొప్పి వల్లనే. గోడ విషయంలో మీకు ఏ అభిప్రాయమూ లేదు, ఇకముందూ ఉండబోదు. గోడ పడటం పూర్తిగా వాన తప్పు. అవునా?"

నరసింహమూర్తి కిటికీలోంచి ఇటుకల కుప్పను చూశాడు. గంజి పెట్టిన కాలరు మెడకు గుచ్చుకుంది. కాగితాన్ని చూశాడు. తల వెన్నలా కదిలింది. కిందికి, పైకి, మళ్లీ కిందికి. ఏకగ్రీవం.

తలుపు దగ్గర పాండురంగ నిట్టూర్చాడు. "మస్తు నయమైంది సారూ మెడ. నేనే ఖరాబు జేసిన."

ఇంతదాకా చదివి, "అవునవును, లోకమంతా ఇలాగే తగలడింది" అని తల ఊపుతున్న పెద్దలకు మనవి: ఎంత గట్టిగా ఊపుతున్నారో కాస్త చూసుకోండి. మొదటి రెండు రోజులు చల్లటిది, ఆపైన ఉప్పు కాపడం. తొందరపడి నయం చేసుకోకండి.