భుజంతో తెరిచిన తలుపు

ఆ ఉదయం పాస్టరుగారి పథకం చాలా చిన్నది. టాక్సీ దిగాలి, మూడో అంతస్తుకు ఎక్కాలి, తలుపు తీయాలి, మోకరించి స్తోత్రం చెప్పి నడుం వాల్చాలి. పరాయి దేశంలో మనవాళ్ళు కొద్దిమంది కలిసి నడుపుకుంటున్న చిన్న సంఘం ఆయన్ని పిలిపించుకుంది. సంఘపెద్ద బస్సు డ్రైవరు. ఆ పూట డ్యూటీ పడి విమానాశ్రయానికి రాలేక ఫోనులోనే దారి చెప్పాడు.

"మూడో అంతస్తు, కుడిచేతి తలుపండీ. తాళం వేయలేదు గానీ తలుపు బాగా బిగుసుకుపోయింది. భుజంతో గట్టిగా తోయండి. ఇల్లు బోసిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. పరుపులూ ఒక గిన్నే పెట్టించాను. మిగతావి నేనొచ్చాక చూద్దాం."

ఆ దేశంలో నేలమీద ఉన్నదాన్నే ఒకటో అంతస్తు అంటారని సంఘపెద్ద చెప్పలేదు. అక్కడే ఏళ్ళ తరబడి బతికినవాడికి అది చెప్పవలసిన సంగతిగా తోచదు. పాస్టరుగారు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లెక్కపెట్టిన పద్ధతిలోనే లెక్కపెట్టి, పెట్టెలతో, భార్యతో, అత్తగారితో ఒక అంతస్తు ఎక్కువే ఎక్కారు.

పాస్టరమ్మ మనసు లేకుండానే మెట్లెక్కింది. ఈ ప్రయాణం గురించి దేవుడు పాస్టరుగారితో స్పష్టంగా మాట్లాడాడు గానీ ఆమెతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఇన్నాళ్ళూ ఇల్లు గడిచింది ఆమె కుట్టుమిషను మీద. అది విమానంలో పట్టదని తోడికోడలికి ఇచ్చి రావలసి వచ్చింది. ఆ రోజే భర్తతో తేల్చి చెప్పింది.

"మీతో అంత మాట్లాడిన ఆయన నాకూ ఒక గురుతు చూపించొచ్చుగా. అడుగుపెట్టిన ఇంట్లో నాకో కుట్టుమిషను కనబడాలి. కనబడిందా, ఇక నోరెత్తను. లేదా, తిరుగు టికెట్లు ఉన్నాయి. నేనూ అమ్మా వెనక్కి."

"కనబడుతుంది" అన్నారు పాస్టరుగారు అప్పుడు. బోసి ఇల్లని విన్నప్పటినుంచి ఆమె కళ్ళలోకి చూడటం మానేశారు.

తలుపు నిజంగానే బిగుసుకుని ఉంది. మొదటి తోపుకు కదల్లేదు. రెండో తోపుకు భుజం కదిలింది. మూడోసారి ఆయన ప్రార్థించి తోశారు. లోపల ఏదో ఠంగున కిందపడింది, తలుపు బార్లా తెరుచుకుంది.

ముగ్గురూ గుమ్మంలోనే నిలబడిపోయారు. సోఫా, చేతుల కుర్చీ, పువ్వుల తెరలు, బల్లమీద ఇంకా గోరువెచ్చగా ఉన్న టీ. మూల కిటికీ దగ్గర, ఎండ పడుతున్నచోట, కుట్టుమిషను.

పాస్టరమ్మ చేతిలోని సంచి జారిపోయింది. మిషను దగ్గరికి వెళ్ళి చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పాస్టరుగారు పైకి చూసి 'గండం గడిచింది' అన్నట్టు కళ్ళు మూసుకున్నారు.

"బోసిగా ఉంటుందన్నాడే?" అంది అత్తగారు.

"వినయం అత్తయ్యగారూ. పెద్దమనిషి."

"గుమ్మంలో ఎవరివో చెప్పులున్నాయి."

"మనకోసమే. కాలికి చలి తగలకుండా."

"గోడమీద ఈ మీసాలాయన?"

"సంఘ స్థాపకులై ఉంటారు."

అత్తగారు ఆ ఫొటోకి వినయంగా తలవంచి స్నానాలగదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఒక గాజుగ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. అందులో కట్టుడుపళ్ళు ఉన్నాయి.

"ఇవి కూడా సంఘమే పెట్టించిందా బాబూ?"

పాస్టరుగారు ఒక్క క్షణం తడబడ్డారు. కానీ తడబాటు విశ్వాసికి తగదు. "మీ వయసు రాసి పంపాం కదా. ముందుచూపు."

"ముందుచూపు బాగానే ఉంది గానీ, నాకు వదులు."

"అమ్మా, పెట్టి చూశావా?"

"ఇచ్చినదాన్ని కాదనకూడదని మీ ఆయనే చెబుతాడుగా."

ఫ్రిజ్జులో గుడ్లు, రొట్టె, పండ్లు ఉన్నాయి. కళ్ళు మూసుకుని కృతజ్ఞత చెప్పి, కళ్ళు తెరిచి అన్నీ తినేశారు. మిషను పక్కన తెల్లచొక్కాల గుట్ట ఉంది, ఒక్కదానికీ కాలరు లేదు. కత్తిరించిన కాలర్లు వేరే కట్టగా ఉన్నాయి. సంఘం తనకు పని కూడా వెతికిపెట్టిందని పాస్టరమ్మ పొంగిపోయింది. మిషను కాస్త ఊగుతోంది గానీ కుట్టు ముత్యాల్లా పడుతోంది. అలసట మరిచి ఒకదాని తరువాత ఒకటి వేస్తూ పోయింది.

ఆ చప్పుడు వింటూ పాస్టరుగారికి మనసు నిండిపోయింది. ఆయనకు మనసు నిండితే చేతులు ఊరుకోవు. ఇంత వచ్చినప్పుడు కొంత ఇవ్వాలి. మెట్లెక్కేటప్పుడు కింది అంతస్తులో, సరిగ్గా తమ తలుపు కిందే, పై అంచు కాస్త వంగిన తలుపు ఒకటి చూశారు. దిగి వెళ్ళి తోసి చూస్తే గుండె తరుక్కుపోయింది. గచ్చుమీద మూడు పరుపులు, ఒక్క గిన్నె. కుర్చీ లేదు, తెర లేదు.

"పాపం, ఎవరో దిక్కులేనివాళ్ళు అత్తయ్యగారూ" అన్నారు రొప్పుతూ పైకొచ్చి. "ఒక్క గిన్నెతో సంసారం. ముగ్గురున్నట్టున్నారు. పనికి పోయినట్టున్నారు."

అత్తగారి కళ్ళు చెమర్చాయి. "వాళ్ళని చూస్తే మనం నయం నాయనా. ఆ దుప్పట్లు ఇచ్చెయ్యి."

దుప్పట్లు వెళ్ళాయి. వెనకాలే దీపం, రెండు గిన్నెలు, తివాచీ వెళ్ళాయి. చివరికి ఆయన చేతుల కుర్చీని నెత్తిన బోర్లించుకుని మెట్లు దిగుతుండగా, మణికట్టుకు కట్టు కట్టుకున్న ఒకావిడ ఎదురైంది. దారిచ్చి, బాగున్న చేత్తో కుర్చీ కాలు పట్టుకుని మలుపు తిప్పించింది కూడా.

"జాగ్రత్త బాబూ, గోడ గీసుకుంటుంది. అచ్చం ఇలాంటి కుర్చీయే మా ఇంట్లోనూ ఉంది."

"దేవుడు అందరికీ ఇస్తాడమ్మా. ఇది పాపం ఈ ఇంట్లో ఉంటున్న పేదవాళ్ళకి."

"ఇందులోనా? ఇందులో ఎవరూ ఉండటంలేదే. ఎవరో పాస్టరు దిగుతాడట, ఇవాళో రేపో." అనేసి ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

పాస్టరుగారు నెత్తిన కుర్చీతో అక్కడే నిలబడ్డారు. పైమెట్లు చూశారు, కిందిమెట్లు చూశారు. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. తరువాత కుర్చీతో సహా పైకి పరుగెత్తారు.

అప్పటికే పైన పరిచయాలు మొదలయ్యాయి.

"ఎవరమ్మా మీరు?" అంటోంది కట్టు కట్టుకున్నావిడ.

"మేము ఈ ఇంటివాళ్ళం. మీరు?" అంది అత్తగారు మర్యాదగా.

"నేనూ ఈ ఇంటిదాన్నే. ఆ గ్లాసెందుకు పట్టుకున్నారు? అవి మా ఆయనవి. పోయిన మనిషి గురుతుగా దాచుకున్నాను."

అత్తగారు గోడమీది మీసాలాయన్ని ఒకసారి చూసి, గ్లాసు బల్లమీద పెట్టి, నోరు కడుక్కోవడానికి నిశ్శబ్దంగా లోపలికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే, కిందింట్లో తివాచీ చూసి తికమకపడి, సంఘపెద్ద పైకొచ్చాడు. గుమ్మంలో విరిగిన తాళం చూశాడు, నెత్తిన కుర్చీతో పాస్టరుగారిని చూశాడు, ఆవిడని చూసి మాత్రం గోడకు ఆనుకున్నాడు. సంఘంలో ఆవిడని సూదమ్మ అంటారు. కుట్టుపని వల్ల అని కొందరు, నోటివల్ల అని కొందరు. భర్త పోయినప్పుడు పరామర్శకు ఒక్క పాస్టరూ రాలేదని కోపగించి, 'పిలవకుండా ఒక పాస్టరు నా గడప తొక్కిన రోజునే నేను చర్చి గడప తొక్కుతాను' అని తెగేసి చెప్పిన మనిషి.

"ఈయన... మన కొత్త పాస్టరుగారండీ" అన్నాడు సంఘపెద్ద.

"అలాగా" అంది సూదమ్మ. "పిలవకుండానే వచ్చారన్నమాట."

"క్షమించండమ్మా. అన్నీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేస్తాను" అన్నారు పాస్టరుగారు కుర్చీ కిందినుంచి.

"గుడ్లు కూడానా?"

"అత్త సొమ్ము అల్లుడు దానం అని వినడమే" అంది అత్తగారు వెనకనుంచి. "ఇది అత్త సొమ్ము కూడా కాదు."

పాస్టరమ్మ మిషను దగ్గరనుంచి లేచింది. ఆమె మొహం చూస్తే పాస్టరుగారికి తాళం సంగతే మరుపొచ్చింది. సంచిలోంచి టికెట్ల కాగితం తీసి చేత్తో పట్టుకుంది.

"ఇది మన మిషను కాదుగా" అంది మెల్లగా. "గురుతూ మనది కాదు."

"నువ్వు కనబడాలన్నావు. మనదై ఉండాలనలేదు" అన్నారు పాస్టరుగారు. ఆ మాట ఆయనకే అతకలేదు. కుర్చీ దించి తలవంచుకున్నారు.

సూదమ్మ ఇవేమీ వినడంలేదు. చొక్కాల గుట్ట దగ్గరికి వెళ్ళి ఒకటి ఎత్తి, కాలర్ని వెలుగుకు పెట్టి, లోపలికి తిప్పి, గోటితో కుట్టు లాగి చూసింది.

"ఇవెవరు కుట్టారు?"

"నేనేనండీ. తప్పైపోయింది. విప్పేస్తాను."

"విప్పితే చెయ్యి విరగ్గొడతాను." సూదమ్మ కట్టు కట్టిన చెయ్యి చూపించింది. "ఈ మణికట్టు వాచి సూది పట్టడంలేదు. ఇన్ని చొక్కాలు నావల్ల కాదని ఇప్పుడే హోటలువాళ్ళతో చెప్పి, తిట్లు తిని వస్తున్నాను. ఇంటికొస్తే చొక్కాలు సగానికిపైగా అయిపోయున్నాయి, గుడ్లు మొత్తం అయిపోయున్నాయి." ఫోను తీసి ఎవరితోనో, ఆర్డరు ఎవరికీ ఇవ్వొద్దనీ తనకు మనిషి దొరికిందనీ చెప్పింది. ఆపైన పాస్టరమ్మ వైపు తిరిగింది. "రేపట్నుంచి పొద్దున్నే పనిలోకి రా అమ్మాయ్. కాకపోతే తలుపు కొట్టి రా."

పాస్టరమ్మ మిషను వైపు చూసింది. చేతిలోని టికెట్ల కాగితాన్ని మడిచి, మళ్ళీ మడిచి, వంగి ఊగుతున్న మిషను కాలు కింద దోపింది. కదిపి చూసింది. ఊగలేదు. కూర్చుని తరువాతి కాలరు అందుకుంది.

ఆదివారం పాస్టరుగారు తమ మొదటి ప్రసంగంలో, దేవుడు తలుపు తెరిచాడంటే మళ్ళీ మూయడం ఎవరితరం కాదని గట్టిగా చెప్పారు.

"నిజమే, మాది ఇంకా మూతపడటంలేదు" అంది ముందు వరసలోంచి సూదమ్మ.