బల్ల మీద రెండు దెబ్బలు

ఆ ఉదయం పంతులమ్మ ప్లాను చాలా చిన్నది. పదింటికి ఇన్‌స్పెక్టరు రావాలి, నాలుగో తరగతికి తను భిన్నాలు చెప్పాలి, పదకొండుకల్లా ఆయన సంతకం పడాలి. మూడేళ్లుగా టెంపరరీగా వేలాడుతున్న ఉద్యోగం పర్మనెంటు కావాలి. అంతే!

ఆవిడ పద్ధతిలో పగ్గాలన్నీ టీచరు చేతిలోనే ఉంటాయి. ముందు తను ఒక ముక్క చెబుతుంది, డస్టరుతో బల్ల మీద రెండు దెబ్బలు వేస్తుంది. నలభై గొంతులూ ఆ ముక్కనే ఒక్కసారిగా తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే ఒక్కొక్కరి చేత చెప్పించడం. మూడు నెలలు అలా సానబెట్టింది. పాపం, దెబ్బలు తన చేతివే అయ్యుండాలని మాత్రం చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి హాజరుపట్టీలో తల దూర్చారు. వెనకాలే వచ్చిన హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి పంతులమ్మతో గుసగుసలాడారు. "త్వరగా కానిచ్చెయ్యమ్మా. ఈ మహానుభావుడికి లెక్కలు బొత్తిగా రావు!"

ఇన్‌స్పెక్టరుకు వినపడలేదు గానీ పిల్లలవి పాము చెవులు. సరిగ్గా అప్పుడే ఆయన ఏదో ఆలోచిస్తూ కలాన్ని బల్ల మీద టక్ టక్‌మనిపించారు.

"ఈ మహానుభావుడికి లెక్కలు బొత్తిగా రావు!" అంది తరగతి.

హెడ్మాస్టరు ముఖాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "అబ్బే, నేననలేదండీ!" అని మాటకు బలం కోసం తలుపును రెండుసార్లు చరిచారు.

"అబ్బే, నేననలేదండీ!" అన్నారు నలభైమందీ.

పంతులమ్మకు ఏడుపొచ్చింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

ఇన్‌స్పెక్టరు మండిపడ్డారు. "శభాష్! ఈవిడ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాల్సిందే!" అని వెటకారంగా అంటూ హాజరుపట్టీతో బల్లను రెండుసార్లు బాదారు.

వెటకారం ఇంకా సిలబస్‌లోకి రాలేదు. "ఈవిడ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాల్సిందే!" అని పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. పక్క గదుల్లోని టీచర్లు పరిగెత్తుకొచ్చి పంతులమ్మను కావలించుకున్నారు.

"చల్లని మాట అన్నారు సార్!" అంటూ ఇన్‌స్పెక్టరు చేతులు పట్టేసుకుంది ఒకావిడ.

కక్కలేక మింగలేక, ఆయన కలాన్ని జేబులో దాచేసి, వెనక బెంచీ పిల్లను లేపారు. "మూడు బై నాలుగు పెద్దదా, ఐదు బై ఎనిమిది పెద్దదా?"

"మూడు బై నాలుగే సార్. దాన్ని ఆరు బై ఎనిమిది చేస్తే తెలిసిపోతుంది."

ఇంకో ఐదుగురిని అడిగారు. ఎవరూ తడబడలేదు. పంతులమ్మ చూస్తుండగానే ఆయన కలం తీసి సంతకం పెట్టేశారు.

రిపోర్టులో మాత్రం ఇలా రాశారు: "పిల్లలు చాలా శ్రద్ధగా వింటున్నారు. సిబ్బంది చూసి మాట్లాడాలి."