తొమ్మిదో గేజికి పది సున్నాలు

ముల్లుగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు వర్క్‌షాపుకు వెళ్ళాలి. ఓడవాళ్ళు పంపిన పద్నాలుగు ప్రెషర్ గేజిల కాగితాలు చూసి సంతకాలు పెట్టాలి. మధ్యాహ్నం కోడలి పరీక్ష కాగానే ఇంటికొచ్చి ఓ కునుకు తీయాలి.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఓడల్లో బాయిలర్ల దగ్గర, ఇంజన్ల దగ్గర ఒత్తిడి ఎంతుందో చూపించే గుండ్రటి గేజిలుంటాయి. వాటి ముల్లు నిజం చెబుతోందా, అబద్ధమాడుతోందా అని తేల్చడం ఆయన ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా ముళ్ళను అనుమానించీ అనుమానించీ ఆ అలవాటు మనుషుల దాకా పాకింది. పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిపాడని, నవ్వకపోతే నీళ్ళలో పాలు కలిపాడని ఆయన నమ్మకం.

కోడలు కూడా ఆరేళ్ళుగా అదే వర్క్‌షాపులో పనిచేస్తోంది. ఇంట్లో ఆయన్ని "మామయ్యా" అంటుంది, వర్క్‌షాపు గేటు దాటగానే "సార్" అంటుంది. పని నేర్పింది ఆయనే. కానీ ఆమె పరీక్షించిన గేజికి సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఇప్పటికీ ఆయన సంతకం పడాల్సిందే. ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చి ఆమె పనితనం చూసి సరేనంటే, ఇకమీదట తన కాగితాల మీద తనే సంతకం పెట్టుకుంటుంది. లేదంటే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి.

"ఏవండీ, ఇవాళైనా ఆ పిల్లని సతాయించకండి. రాత్రంతా నిద్రపోలేదు పాపం" అంది ఆయన భార్య టిఫిను డబ్బా చేతికిస్తూ.

"ఎందుకు నిద్రపోలేదు?" ముల్లుగారు ఆగిపోయారు. "తప్పు చెయ్యనివాళ్ళకి నిద్రెందుకు పట్టదు?"

"మీకు రోజూ పడుతోందిగా, అదెలాగో?" అని ఆవిడ తలుపేసుకుంది.

కాగితాలు ఎనిమిది దాకా సాఫీగా సాగాయి. తొమ్మిదో దాని దగ్గర ముల్లుగారి కలం ఆగింది. ప్రతి గేజికీ ఒత్తిడి పెంచుతూ ఐదుచోట్ల, తగ్గిస్తూ ఐదుచోట్ల ముల్లు ఎక్కడుందో చూసి, ఎంత తేడా ఉందో రాయాలి. తొమ్మిదో గేజికి తేడా రాయాల్సిన గడుల్లో వరసగా పది సున్నాలున్నాయి. ముత్యాల్లా, ఒకే సైజులో.

"పది సున్నాలా!" అని ఆయన తనలో తాను గొణుక్కున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క గేజికి కూడా అన్ని సున్నాలు వేసి ఎరుగరు. ఎంత కొత్త గేజైనా, ఎంత మంచి కంపెనీదైనా, ఎక్కడో అక్కడ అరగీత అటో ఇటో ఉండాలి. పది సున్నాలంటే ఒకటే అర్థం. పిల్ల గేజిని యంత్రానికి బిగించకుండానే కుర్చీలో కూర్చుని అంకెలు వేసేసింది.

నిజానికి పక్కగదిలో ఉన్న కోడల్ని పిలిచి అడిగితే పోయేది. కానీ అడిగితే అబద్ధం చెబుతుందేమోనని ఒక అనుమానం. నిజం చెబితే రాత్రి భోజనాల దగ్గర ఎవరి మొహం ఎవరు చూడాలని ఇంకో అనుమానం. అందుకని ముల్లుగారు అటూ ఇటూ చూసి, తొమ్మిదో గేజిని టిఫిను సంచిలో వేసుకుని, పిల్లిలా వెనకున్న స్టోరు గదిలోకి జారుకున్నారు. అక్కడో పాత టెస్టరుంది. దాని మీద తూకం కట్టిన ఇనప బిళ్ళలు పేరిస్తే, అడుగున ఉన్న నూనెలో సరిగ్గా ఇంతని ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి దగ్గర గేజి ముల్లు ఎక్కడ నిలబడిందో చూడటమే పరీక్ష.

సరిగ్గా అప్పుడే ఓడ ఇంజనీరు వచ్చాడు. మనిషి తలుపు నిండా ఉంటాడు, గొంతు హాలు నిండా ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి ఓడ కదలాలి. వస్తూనే బల్ల మీది గేజిలు లెక్కపెట్టుకున్నాడు. పదమూడే ఉన్నాయి.

"అమ్మా, తొమ్మిదో నంబరేది?" అన్నాడు కోడలితో.

"ఇక్కడే పెట్టాను సార్, పొద్దున." ఆమె బల్ల కింద చూసింది, అల్మారాలో చూసింది, చెత్తబుట్టలో కూడా చూసింది.

"మా ఇంజన్ గదిలో అంత నికార్సైన గేజి ఇంకోటి లేదు. మీ కన్ను దాని మీద పడిందన్నమాట!"

"మాటలు జాగ్రత్త సార్! మీరు వచ్చేదాకా పద్నాలుగున్నాయి. మీరు వచ్చాక పదమూడయ్యాయి."

"అంటే? నేను దొంగనా?"

"నేనలా అనలేదు. లెక్క అలా అంటోంది."

గొడవ విని మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ముందు గేజి దొరకాలి, నిజానిజాలు తర్వాత అనుకునే రకం. వెంటనే వాచ్‌మన్‌ను కేకేశాడు. "గేటు మూసెయ్! ఎవరి చేతిలో సంచి కనపడినా విప్పించు! ఎంత పెద్దమనిషైనా సరే!"

వాచ్‌మన్‌కు ఇలాంటి ఉత్తర్వు పదకొండేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ రాలేదు. మీసం దువ్వుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం రావాల్సిన ఇన్‌స్పెక్టరు, కోడలి దురదృష్టం కొద్దీ, ఉదయమే పని తెమల్చుకుందామని ఆ నిమిషంలోనే గేటు దగ్గర దిగాడు. చేతిలో నల్ల సంచి ఉంది.

"విప్పండి" అన్నాడు వాచ్‌మన్.

"నేనెవరో తెలుసా?"

"తెలియకపోతేనే మంచిదండీ. ఎంత పెద్దమనిషైనా సరే అన్నారు."

సంచి విప్పితే పట్టుగుడ్డలో చుట్టిన గుండ్రటి గేజి ఒకటి బయటపడింది. "దొరికిందండోయ్!" అని వాచ్‌మన్ పెట్టిన కేకకు హాల్లో ఉన్నవాళ్ళంతా గేటు దగ్గరికి ఉరికారు. ఓడ ఇంజనీరైతే వస్తూనే ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి పడితే మామూలు మనుషులు కదల్లేరు.

"అయ్యో, వదలండి సార్! ఆయన ఇన్‌స్పెక్టరుగారు! అది పరీక్షకి తెచ్చిన ఆయన సొంత గేజి!" కోడలు అరిచింది.

ఇన్‌స్పెక్టరు చొక్కా సరిచేసుకుంటూ కోడలి వంక చూశాడు. "పరీక్షకి ఏర్పాట్లు బాగా చేసుకున్నారే!" అన్నాడు.

స్టోరు గదిలో ముల్లుగారికి ఇవేవీ తెలియవు. మూడో బిళ్ళ పెట్టగానే, నిట్టనిలువుగా ఉన్న ముల్లు గీత మీద కాక అరగీత పక్కన కనిపించింది. గాజు మీద వేలితో తట్టి మళ్ళీ చూశారు. అరగీతే. ఆయనకు గుండెలో ఒకపక్క బాధ, ఇంకోపక్క సంబరం. బాధ మామగారిది, సంబరం ముల్లుగారిది. గేజిని మళ్ళీ టిఫిను సంచిలో పెట్టుకుని గంభీరంగా బయటికి నడిచారు.

గేటు దగ్గర గుంపు, మధ్యలో ఇన్‌స్పెక్టరు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నారాయన. సంచిలోంచి గేజి తీసి పైకెత్తారు. "ఇదిగో తొమ్మిదో నంబరు!"

ఓడ ఇంజనీరే ముందు తేరుకున్నాడు. "టిఫిను సంచిలోనా?"

"సార్... మీరా తీసింది?" కోడలు ముందుకొచ్చింది.

ఏదో అడ్డం తిరిగిందని ముల్లుగారికి అర్థమైంది గానీ, ఎత్తిన చెయ్యి దించలేకపోయారు. "దొంగతనం కాదు, పరీక్ష! ఈ అమ్మాయి దీనికి పది సున్నాలు వేసింది. నేను చూస్తే అరగీత తేడా ఉంది. చూడకుండా రాసిన అంకెలివి!"

కోడలు ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆ క్షణంలో ఆయనకే అనిపించింది. "మూడుసార్లు చూసి రాశాను సార్" అంది మెల్లగా. "నాకూ నమ్మకం కుదరకే మూడుసార్లు చూశాను."

"ఈ తగువు ఇక్కడ తేలదు, పదండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అందరూ పెద్ద టెస్టరు దగ్గర చేరారు. కోడలు గేజి బిగించింది, బిళ్ళలు పేర్చింది, ముల్లు చూసి చెప్పింది. సున్నా. ముల్లుగారు కూర్చుని చూశారు. అరగీత. గేజి మారలేదు, బిళ్ళలు మారలేదు. ముల్లుగారు బిళ్ళల్ని అనుమానించారు, ఇన్‌స్పెక్టరు వాటి నంబర్లు సరిచూశాడు. నూనెను అనుమానించారు, మేనేజరు నూనె మార్పించాడు. చివరికి ఇన్‌స్పెక్టరు పట్టుగుడ్డ విప్పి తన సొంత గేజినే బిగించాడు. కోడలు సున్నా అంది. ముల్లుగారు దానిలోనూ అరగీత చూశారు.

"అయితే ఇదీ తప్పేనండీ" అన్నారాయన, ఇన్‌స్పెక్టరు గేజి వంక జాలిగా చూస్తూ.

ఇన్‌స్పెక్టరు మాత్రం చాలాసేపటి నుంచీ గేజి వైపు చూడటం లేదు, ముల్లుగారి వైపే చూస్తున్నాడు. "మాస్టారూ, కుర్చీ అలా ఓ పక్కకి వేసుకున్నారేం?"

"తలుపు కనపడాలి కదండీ. ఇటు ముల్లు చూస్తుంటే అటు ఎవరేం చేస్తున్నారో తెలియాలి కదా."

"స్టోరు గదిలో కూడా ఇలాగే కూర్చున్నారా?"

"అక్కడ మరీ ముఖ్యం కదండీ."

"ఒక్కసారి గేజికి ఎదురుగా కూర్చోండి."

ముల్లుగారు కుర్చీ జరుపుకున్నారు. తలుపు వీపు వెనక్కి వెళ్ళిపోయింది. వీపులో ఏదో పాకినట్టయింది. ఆయన గేజిలోకి చూశారు. ముల్లు గీత మీద నిలబడి ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. పక్కకి వంగి చూశారు. ముల్లు గీతను వదిలి అరగీత జరిగినట్టు కనిపించింది. నిటారుగా కూర్చున్నారు. మళ్ళీ గీత మీదికి వచ్చేసింది.

మేనేజరు పాత రిజిస్టర్లు తెప్పించాడు. పంతొమ్మిదేళ్ళ రిజిస్టర్లలో, ముల్లుగారు చూసిన ప్రతి గేజికీ నడిమి గడుల్లో ఒకేలాంటి అరగీత, ఒకేవైపుకి.

"కంగారుపడకండి, ఇంత చిన్న తేడాతో ఏ ఓడకీ ముప్పు రాదు" అని ఇన్‌స్పెక్టరు రిజిస్టరు మూశాడు. "కానీ మాస్టారూ, పంతొమ్మిదేళ్ళు అన్నింట్లోనూ అదే అరగీత వస్తుంటే మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ" అన్నారు ముల్లుగారు తల దించుకుని. "గేజిలు చేసేవాళ్ళ మీద."

ఓడ ఇంజనీరు పద్నాలుగు గేజిలూ లెక్కపెట్టుకుని, తొమ్మిదోదాన్ని రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు ఆమె పనితనానికి సరేననడంతో ఆ సర్టిఫికెట్ల మీద కోడలే సంతకం పెట్టింది. ముల్లుగారి సంతకాన్ని మాత్రం ఇన్‌స్పెక్టరు మూడు వారాలు ఆపేశాడు. ఆ మూడు వారాలూ ఆయన మళ్ళీ పని నేర్చుకోవాలి. నేర్పేది కోడలు.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడుస్తూ వీధి మలుపు చేరారు.

"పిలిచి అడిగుంటే చూపించేదాన్ని కదా మామయ్యా" అంది కోడలు.

"అడగాల్సిందేనమ్మా. అందరి ముందూ నీ పరువు తీశాను. తప్పు నాదే." ఆ మాట ఆయన నోట వినడం ఆమెకు ఇదే మొదటిసారి. వింటున్నది నిజమేనా అని ఓసారి ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది.

మూడు వారాలూ ముల్లుగారు తలుపుకి వీపు పెట్టి కూర్చున్నారు. మొదటి వారం నిమిషానికోసారి వెనక్కి తిరిగారు, రెండో వారం గంటకోసారి, మూడో వారం భోజనాల ముందు మాత్రమే. ఆఖరి రోజున ఆయన పని గురించి ఇన్‌స్పెక్టరుకు పంపాల్సిన కాగితంలో కోడలు అన్ని గడులూ నింపి, అభిప్రాయం రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి, చిన్న తేడా ఉన్న గేజిలకు రాసే ముక్కే రాసి సంతకం పెట్టింది.

"లోపం ఉంది, వాడుకోవచ్చు."