ఎడమ చెవిలో తప్పిపోయిన 'క'

ఆ ఉదయం చెవులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టుకు వెళ్ళడం, కొత్తగా వచ్చిన చవక ఇయర్‌ఫోన్లు వినడం, బాగున్నాయో లేదో ఒక్క మాట చెప్పడం, పెందరాళే ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవడం. దీనికి భగవంతుడి సాయం గానీ, బంధువుల సాయం గానీ అక్కర్లేదని ఆయన అభిప్రాయం.

చెవులాయన అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు. ఫోన్ల సామాను టోకుగా అమ్మే కొట్టులో, ఏ రకం ఇయర్‌ఫోన్లు వచ్చినా ముందు ఈయన చెవుల్లోకి వెళ్ళాకే అరల్లోకి వెళ్ళాలి. ఖరీదైనవాటిని ఎవరైనా మెచ్చుకుంటారు, చవకవాటి గుంపులోంచి మంచిదాన్ని ఏరి పట్టుకోవడమే విద్య అని ఆయన తరచూ అంటాడు. మంచి శబ్దమంటే చెవి కోసుకుంటాడు. ఒక్కటే పట్టింపు. ఎడమ బుడిపె ఎడమ చెవికే, కుడి బుడిపె కుడి చెవికే. ఒకసారి మార్చి పెట్టుకుని చూడండని ఎవరైనా అంటే, "చెప్పులు మార్చి తొడుక్కుని నడుస్తామా?" అని కొట్టిపారేస్తాడు.

ఇంట్లో వంటింటి గచ్చు పగలగొట్టి కొత్తది వేస్తున్నారు. అందుచేత వంటిల్లు మొత్తం హాల్లోకి వలస వచ్చింది. పొయ్యి టీవీ బల్ల మీద, డబ్బాలు సోఫాలో, గిన్నెలు మంచం కింద. కుడిపక్క ఫ్రిజ్ అడ్డంగా నిలబడి ఉండటంతో, ఆయన కాఫీ తాగుతుంటే భార్య ఎడమపక్కన కూర్చోవలసి వచ్చింది.

"మా అన్నయ్య మీకు ఫోన్ చేస్తాడు. రాత్రికి అందరం వస్తామంటాడు. ఇల్లు చూస్తున్నారుగా, రమ్మనకండి" అంది.

ఆవిడ స్పష్టంగానే అంది. కానీ ఆ మాట ఆయన ఎడమ చెవి గడప దాటేసరికి అందులోంచి 'క' జారిపోయింది. లోపలికి చేరింది 'రమ్మనండి'.

"అలాగే" అన్నాడు.

"విన్నారా అసలు?"

"విన్నాను. నాకు చెవుల్లేవా?"

భార్య నిట్టూర్చింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. తలుపు తియ్యకండి అంటే తీసేవాడు. కూరలో ఇంకా ఉప్పు వెయ్యకండి అంటే శ్రద్ధగా వేసి కలిపేవాడు. తన మాట కావాలనే పెడచెవిన పెడుతున్నాడని ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. తేల్చుకున్నప్పటినుంచీ ఆ ఇంట్లో నవ్వు కూడా తగ్గింది. ఆయన అది గమనించాడు గానీ, గచ్చు పని వల్ల అనుకున్నాడు.

కొట్టులో చిన్న ఓనరు బయటికి వెళ్ళబోతూ ఆగాడు. తండ్రి నుంచి కొట్టునూ, చెవులాయననూ ఒకేసారి వారసత్వంగా పొందిన మనిషి.

"మాస్టారూ, ఆ మధ్య మీరు ఎడమపక్క బాగాలేదని వద్దన్న సరుకు పక్క కొట్టువాళ్ళు కొన్నారు. జనం ఎగబడి తీసుకెళ్ళారట. శబ్దం కొలిచే మిషను ఒకటి చూసి పెట్టాను. ఇవాళ కూడా మీ తీర్పు తప్పితే అది తెప్పించక తప్పదు. ఏమీ అనుకోకండి."

ఈ మాట కుడిపక్కనుంచి అన్నాడు కాబట్టి 'క'తో సహా వినబడింది. సరుకు పరీక్షించే ఆ కుర్చీ పోతే చెవులాయనకు జీతం ఒక్కటే కాదు, పేరు కూడా పోతుంది. చెవులాయనను వట్టి 'ఆయన' అని పిలిస్తే ఏం బాగుంటుంది?

ఇయర్‌ఫోన్లు తెచ్చినావిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. రెండు గదుల వర్క్‌షాపులో తనే తీగలు అతికి, తనే డబ్బాల్లో సర్ది తెచ్చే మనిషి. చెవులాయనకు ఈవిడతో పాత తగాదా ఒకటుంది. కొన్నాళ్ళ కిందట తెచ్చిన నమూనా ఈయన విని బయటికి తీసేసరికి, ఎడమ బుడిపెకు తొడిగే మెత్తటి రబ్బరు టోపీ లేదు. "నేనే రెండూ తొడిగానండీ" అని ఆవిడ మొత్తుకున్నా వినకుండా, "టోపీ ఇవ్వకుండానే మాకు టోపీ పెట్టారే!" అని కొట్టంతా వినిపించేలా దులిపేశాడు. మాట బాగా కుదిరిందని ఆ వారమంతా అందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఈసారి టోపీలు రెండూ ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని తన పరీక్ష రికార్డింగు పెట్టాడు. అది పాట కాదు. ఎప్పుడో కొత్త కాపురంలో, సొంత వంటింట్లో తనే పట్టిన చప్పుళ్ళు. కుడిపక్క కుళాయి చుక్కలు, గ్లాసులో తిరిగే చెంచా. చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ వినబడాలి, చెంచా గణగణమనాలి గానీ చెవిలో గుచ్చుకోకూడదు. చివర్లో ఎడమపక్క భార్య నవ్వు. కుళాయిని "ష్, కాసేపు ఊరుకో" అని ఆయన బతిమాలుకుంటుంటే ఆవిడ ఆపుకోలేక నవ్విన నవ్వు అది. ఆ నవ్వు పక్కన నిలబడి నవ్వినట్టుంటే ఆ సరుకు పాసైనట్టే.

చుక్కలు వినబడ్డాయి. చెంచా అద్భుతంగా తిరిగింది. నవ్వు మాత్రం రాలేదు. ఎవరో దుప్పట్లో దూరి మూలిగినట్టు ఏదో కదిలిందంతే. ఇంకో జత తీశాడు. అదీ అంతే. మరో పెట్టె విప్పాడు. అన్నిట్లోనూ నవ్వు దుప్పట్లోనే ఉంది.

సరిగ్గా అప్పుడే చిన్న ఓనరు ఫోన్ చేశాడు. కుడిచేత్తో పెట్టె మూత పట్టుకుని ఉండటంతో చెవులాయన ఫోన్‌ను ఎడమ చెవికి ఆనించాడు.

"మాస్టారూ, గ్రంథాలయంలో ఉన్నాను. చూపు ఆననివాళ్ళు పుస్తకాలు వినడానికి ఒక గది పెడుతున్నారు. ఆ ఇయర్‌ఫోన్లు వీళ్ళకే ఇస్తానని మాటిచ్చాను. ఎలా ఉన్నా సరుకు వెనక్కి పంపకండి. లోపాలేమైనా ఉంటే ఆవిడకి చెప్పకండి, నేనొచ్చి మాట్లాడతాను."

మొదటి సగం గొణుగుడుగా పోయింది. రెండో సగంలో రెండు 'క'లు పోయాయి. 'పంపండి', 'చెప్పండి' మిగిలాయి. కుర్రాడికి ఇన్నాళ్ళకు బుద్ధి వికసించిందని చెవులాయన సంతోషించాడు. సంతోషంలో లోపాలు కాస్త ఎక్కువగానే చెప్పాడు.

"ఎడమపక్క ప్రాణం లేదమ్మా. తీసుకెళ్ళిపోండి."

"ఆనాటి టోపీ పగ ఇంకా తీరలేదా సార్ మీకు?" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు తగ్గలేదు. పెట్టెలన్నీ ఆటోలో వేయించుకుంటూ, చెవులు చిల్లులు పడేలా నాలుగు మాటలని వెళ్ళింది. ఆ మాటలు ఆయన కుడి చెవిలో చాలాసేపు ఉండిపోయాయి.

ఆవిడ ఇలా వెళ్ళిందో లేదో బావగారి ఫోన్ వచ్చింది.

"బావా, రాత్రికి వద్దామనుకుంటున్నాం. మా చెల్లి ఏమంటోంది?"

"రమ్మనే చెప్పింది బావగారూ. అందరూ రండి!"

పెళ్ళయినప్పటినుంచీ భార్య చెప్పిన పనిని ఇంత చురుగ్గా ఎప్పుడూ చేయలేదని ఆయన పొంగిపోయాడు. నిజానికి బావగారంటే ఆయనకు కొంచెం బెదురు. బావగారు చెవి ముక్కు గొంతు డాక్టరు. ఎవరింటికి వెళ్ళినా జేబులోంచి చిన్న టార్చి తీసి "ఏదీ, ఆ చెవి ఇలా తిప్పండి" అంటాడు. చెవులాయన మాత్రం ఎన్నడూ తిప్పలేదు. నా చెవికి ఇంకొకరి సర్టిఫికెట్టా అని రోషం.

చిన్న ఓనరు తిరిగొచ్చి ఖాళీ అర చూశాడు.

"సరుకేది?"

"పంపేశాను. మీరేగా పంపండన్నారు."

"పంపకండన్నాను!"

"పంపండన్నారు బాబుగారూ. లోపాలు చెప్పండి అని కూడా అన్నారు. చెప్పాను."

చిన్న ఓనరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఆవిడ వర్క్‌షాపు మీ వీధి చివరే కదా? కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఆవిడనీ, సరుకునీ మీ ఇంటికే తీసుకొస్తాను. అందరి ముందూ వినండి. అందరికీ బాగుండి మీకొక్కరికే బాగాలేకపోతే, రేపు ఈ కుర్చీలో మిషను కూర్చుంటుంది."

చెవులాయన ఇల్లు చేరేసరికి బావగారి కుటుంబం గుమ్మంలో ఉంది. భార్య గరిట పట్టుకుని పొయ్యికీ టీవీకీ మధ్య నిలబడి ఉంది.

"రమ్మనకండి అని చెప్పానా లేదా?" అంది, అందరూ వింటున్నారని తెలిసినా.

"రమ్మనండన్నావు."

"ఇక నేను ఈ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటాను. అవి కనీసం అడ్డం తిరగవు."

అంతలో చిన్న ఓనరు, వెనకే పెట్టెతో వర్క్‌షాపు ఆవిడ వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక చిన్న ఓనరు గ్యాసు బండ మీద ఒదిగాడు. డాక్టరు గారు పిండి డబ్బా ఎక్కారు. వర్క్‌షాపు ఆవిడ కూర్చోనే లేదు. ఒక జత బయటికి తీసి, చెవులాయన చేత ఆ పరీక్ష రికార్డింగే పెట్టించి, ఒక్కొక్కరు విన్నాక టోపీలు తుడిచి మరొకరికి అందించింది. బావగారు బాగుందన్నారు. ఆయన భార్య బాగుందంది. చిన్న ఓనరు రెండుసార్లు విన్నాడు.

చివరగా చెవులాయన భార్య పెట్టుకుంది. వింటూ వింటూ గరిట కిందపెట్టేసింది.

"ఇది నేనేనా? ఈ నవ్వు ఇంకా దాచారా మీరు?"

"సరుకు వచ్చినప్పుడల్లా ఇదే పెడతాను" అన్నాడు ఆయన. "అది వినబడితేనే సరుకు పాసవుతుంది."

ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి తనే ఆయన చెవులకు పెట్టింది. గదంతా ఆయన ముఖం చూస్తోంది. బాగుందంటే చాలు, కుర్చీ దక్కుతుంది, వర్క్‌షాపు ఆవిడ సరుకు అమ్ముడవుతుంది, అందరూ ఇళ్ళకు పోతారు. ఆయన ఆఖరి చుక్క దాకా విని తల అడ్డంగా ఊపాడు.

"నాకు వినబడలేదు. అబద్ధం చెప్పలేను. మిషను తెప్పించండి బాబుగారూ."

"ఒక్కసారి మార్చి పెట్టుకోండి" అంది భార్య.

"చెప్పులు మార్చి..."

"అవి చెప్పులు కావు, మీ కాళ్ళకి పెట్టడం లేదు" అంటూ ఆవిడే తీసి అటుది ఇటు పెట్టేసింది.

ఈసారి కుడి చెవిలో నవ్వు గలగలమని దూకింది. ఎడమ చెవిలో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. చెవులాయన మెల్లగా ఇయర్‌ఫోన్లు తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి బావగారి వైపు ఎడమ చెవి తిప్పాడు.

టార్చి వెలిగింది. డాక్టరు గారు సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చి ఏదో నల్లటి వస్తువు బయటికి లాగి అరచేతిలో పెట్టుకున్నారు. మెత్తగా, గుండ్రంగా, మధ్యలో చిల్లుతో ఉంది.

"మా టోపీ!" అంది వర్క్‌షాపు ఆవిడ. "నేను తొడిగానని ఆనాడే చెప్పానా!"

గ్యాసు బండ మీద చిన్న ఓనరు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులన్నిటిలోనూ ఎడమపక్కనుంచి వచ్చిన ఒక నవ్వును చెవులాయన విడిగా పట్టుకున్నాడు. రికార్డింగులో ఉన్నదే. కాస్త వయసొచ్చింది, అంతే. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

ముందు వర్క్‌షాపు ఆవిడకు చేతులు జోడించాడు. "క్షమించమ్మా. టోపీ నా దగ్గర పెట్టుకుని నిన్ను మాటలన్నాను. నీ ఇయర్‌ఫోన్లు ఇంత చక్కగా లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు." ఆవిడ కోపం మరిచిపోయి, "ఆ టోపీ కడిగిచ్చేయండి సార్, జత పూర్తవుతుంది" అంది.

"మరి మిషను?" అని చెవులాయన చిన్న ఓనరు వైపు తిరిగి అడిగాడు.

"మిషను ఎందుకు మాస్టారూ? కుర్చీ పోతుందని తెలిసి కూడా వినబడనిది వినబడిందనలేదు మీరు. అది చాలు నాకు. కాకపోతే రేపటినుంచి మార్చి కూడా వినాలి." సరుకు మర్నాడే గ్రంథాలయం చేరింది.

ఆ రాత్రి అందరూ మంచం కింది గిన్నెలు తీసుకుని, ఉన్నదేదో పంచుకుని నిలబడే తిన్నారు. అందరూ వెళ్ళాక భార్య పక్కన కూర్చుంది. "ఇన్నాళ్ళూ నా మాట పెడచెవిన పెడుతున్నారని మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో" అంది.

"పెట్టలేదు. అందులో చోటు లేదు" అన్నాడు ఆయన. ఆ రోజు ఆయనకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చవక ఇయర్‌ఫోన్లకు, టార్చికి, చివరికి జారిపోయిన 'క'కు కూడా రుణపడిపోయినట్టనిపించింది. ఆ 'క' జారకపోతే బావగారు వచ్చేవారే కాదు.

ఆదివారం ఉదయం గచ్చు పనివాళ్ళు ఇసుక బస్తా హాల్లో దించుతుండగా, భార్య ఎడమపక్కనుంచి అంది. "అన్నయ్యకి కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ వంటింటి పని అయ్యేదాకా వాళ్ళని భోజనానికి పిలవకండి."

'క' గంట కొట్టినట్టు వినబడింది. చెవులాయన శ్రద్ధగా తల ఊపి, ఆ మాటను జీవితంలో మొదటిసారి నిజంగానే పెడచెవిన పెట్టి, బావగారికి ఫోన్ చేశాడు.