అరవై నిండని పెళ్ళికొడుకు

బర్న్‌లీ పట్టణంలో కాలువ పక్కనున్న హాథార్న్ కోర్టు వృద్ధుల నివాసంలో ప్రేమ అనే ఉపద్రవం సంభవించిందనీ, దాన్ని అరికట్టడానికి సోమవారం పదకొండు గంటలకు హాల్లో అత్యవసర సమావేశం జరుగుతుందనీ, టీ బిస్కట్లు ఉంటాయనీ నోటీసు బోర్డు మీద ప్రకటన వెలిసింది. కింద కమిటీ అధ్యక్షుడు సిరిల్ సంతకం. ఉపద్రవానికి కారకురాలైన మ్యూరియల్ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది. కిందటి సమావేశంలో బిస్కట్లు మెత్తబడి ఉన్నాయని గుర్తొచ్చి, తన డబ్బా తానే తీసుకెళ్ళాలని నిశ్చయించుకుంది.

మ్యూరియల్‌కు డెబ్భై ఏడు. ఆమె చేసుకోబోయే నైజెల్‌కు యాభై తొమ్మిదేళ్ళ ఒక నెల. ఆ తేడాను ఎవరూ తప్పు పట్టలేదు. అక్కడున్నవారంతా విశాల హృదయులు. తప్పల్లా అతనికి అరవై నిండకపోవడమే.

ఆ దేశంలో ఇంట్లో టీవీ చూడాలంటే ఏటేటా లైసెన్సు కొనాలి. పెద్దలంటే అక్కడి ప్రభుత్వాలకు అపారమైన గౌరవం కనుక డెబ్భై అయిదు దాటినవారందరికీ ఒకప్పుడు ఉచితమన్నారు. తర్వాత వట్టినే దాటితే చాలదు, దాటి పేదవారై కూడా ఉండాలన్నారు. పేదరికం రుజువు చేసుకునే దరఖాస్తులో ప్రశ్నలు ఎన్నంటే, సగం మంది చివరిదాకా పూర్తి చేసేలోగా తామే పూర్తయ్యేవారు. హాథార్న్ కోర్టువారికి ఆ బాధ లేదు. ముప్ఫై రెండు వాటాలకూ కలిపి ఒకటే లైసెన్సు, కాపురమున్నవారికి అది ఉచితం. షరతు కూడా ఒకటే. అందరికీ అరవై నిండి ఉండాలి. నిండనివాడు ఒక్కడు మంచం వేశాడంటే ముప్ఫై రెండిళ్ళ ఉచితమూ ఊడిపోతుంది. అందుకే ఆ లైసెన్సును చట్రం కట్టించి హాల్లో రాజుగారి పటం పక్కన, దానికన్నా అంగుళం ఎత్తున వేలాడదీశారు.

నైజెల్ ఎవరో పరాయివాడు కాడు. కప్పు మీది యాంటెన్నా బాగుచేసేవాడు. గాలివాన కొట్టి బొమ్మ పోయినప్పుడల్లా అతను నిచ్చెనెక్కేవాడు, కింద ముప్ఫై రెండిళ్ళవాళ్ళూ కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి "వచ్చింది!", "పోయింది!" అని అరిచేవారు. అరవై నిండలేదు కనుక అందరికీ అతను "అబ్బాయి". దిగి వచ్చాక "పైన చలిగా ఉందా నాయనా?" అని అడిగినది మాత్రం మ్యూరియల్ ఒక్కతే. అడిగి, వేడివేడిగా బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె పెట్టింది. ఆ తర్వాత యాంటెన్నా తరచుగా చెడిపోసాగింది.

సమావేశంలో సిరిల్ లేచి నిలబడ్డాడు. డెబ్భై నాలుగేళ్ళవాడు, ముప్ఫయ్యేళ్ళపాటు పురపాలక సంఘంలో వీధి దీపాల విభాగాన్ని వెలిగించిన మనిషి.

"మిత్రులారా! ప్రేమకు ఈ కమిటీ వ్యతిరేకం కాదు. ప్రేమ పవిత్రమైనది. కానీ పవిత్రమైనదానికి తొందరేమిటి? పదకొండు నెలలు ఆగితే వరుడికి అరవై నిండుతుంది. నిండిన మర్నాడే పెళ్ళి చేద్దాం, నేనే పాట పాడతాను!"

"పాట లేకుండా చేస్తే కమిటీ ఇంకో నెల ముందే ఒప్పుకుంటుందేమో," అన్నారెవరో.

ఎనభై ఒక్కేళ్ళ వినిఫ్రెడ్ చెయ్యెత్తింది. "ఒంట్లో ఏదైనా లోపముంటే అరవై నిండకపోయినా పరవాలేదట కదా? అబ్బాయీ, నీ మోకాలెలా ఉంది?"

"బాగుందండీ," అన్నాడు నైజెల్.

"బాగుందా?" అని నిట్టూర్చింది వినిఫ్రెడ్. "సరిగ్గా చూసుకున్నావా? నడుమో?"

నడుమూ బాగానే ఉంది. సభ తీవ్ర నిరాశకు లోనైంది. పెళ్ళయ్యాక అల్లుడు తోటలోని పారలు పెట్టుకునే గదిలో కాపురముండాలన్న సూచన, రోజూ పదింటికల్లా పెళ్ళాన్ని వదిలి వెళ్ళిపోవాలన్న సూచన చర్చకొచ్చాయి. మ్యూరియల్ తన టీవీ ఇచ్చేస్తానంది. నిబంధన టీవీలను లెక్కపెట్టదు, మనుషుల్నే లెక్కపెడుతుందని సిరిల్ విచారంగా తెలియజేశాడు.

అప్పుడు మ్యూరియల్ బిస్కట్ డబ్బా మూతపెట్టి లేచింది.

"సిరిల్, పదకొండు నెలలు అంటున్నావు, నోటికేం. నా గుండె చూసిన డాక్టరు ఏమన్నాడో తెలుసా? ‘ఈ చలికాలం గడవనీ, తర్వాత చూద్దాం’ అన్నాడు. పదేళ్ళయింది మా ఆయన పోయి. ఆ టీవీ ఒక్కటే నాతో మాట్లాడింది, అదీ నేను చెప్పేది వినకుండా. ఇప్పుడు వినేవాడొకడు దొరికాడు. నీకు జ్వరమొస్తే పన్నెండు రోజులు గంజి పోశానే, అప్పుడు నిన్ను వయసడిగానా?"

చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకుని ఓటేశారు. పెళ్ళికి వ్యతిరేకం ముప్ఫై, అనుకూలం ఒకటి, నిద్ర ఒకటి. ముందుజాగ్రత్తగా, అరవై నిండనివారెవరూ ఇకమీదట గడప దాటరాదని ఇంకో తీర్మానం కూడా చేశారు.

మ్యూరియల్ పదిహేనేళ్ళు కాపురమున్న వాటా ఖాళీ చేసింది. రిజిస్ట్రారు దగ్గర పెళ్ళి చేసుకుని, సరిగ్గా రోడ్డుకు అవతల చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. టీవీ మాత్రం తీసుకెళ్ళలేదు. టీవీ లేనివాళ్ళు లోకంలో ఉంటారని నమ్మని లైసెన్సు అధికారులు నెలకో బెదిరింపు ఉత్తరం పంపుతున్నారు. నైజెల్ వాటితో పొయ్యి రాజేస్తున్నాడు.

నవంబరులో గాలివాన కొట్టింది. హాథార్న్ కోర్టు యాంటెన్నా విరిగి కాలువలో పడింది. నైజెల్ నిచ్చెన తీసుకుని పరుగెత్తుకొచ్చాడు పాపం. తీర్మానం ప్రకారం సిరిల్ అతన్ని గడప దగ్గరే ఆపాడు. ఇంకొకణ్ణి పిలుద్దామంటే ఊళ్ళో యాంటెన్నాలు కట్టేవాళ్ళలో అరవై దాటినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన నిచ్చెనెక్కలేడు. అందువల్ల మిగిలిన ముప్ఫై ఒక్క వాటాల్లో వృద్ధులు ఉత్త నీలి తెర ముందు పూర్తిగా ఉచితంగా, పూర్తిగా చట్టబద్ధంగా కూర్చున్నారు. లైసెన్సు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండో వారంలో వినిఫ్రెడ్ హాల్లో టీవీ ముందున్న తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురింట్లో నైజెల్ అంట్లు తోముతున్నాడు, మ్యూరియల్ తుడుస్తూ ఏదో చెబుతోంది, అతను వింటున్నాడు. మర్నాడు హాల్లో కుర్చీలన్నీ తిరిగాయి. "ఏడున్నరకు మొదలవుతుంది, టీ ముందే పెట్టుకోండి," అని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఒకరోజు కీలకమైన ఘట్టంలో తెర పడింది. కిటికీ తెర. వయోవృద్ధుల వినోదానికి భంగం కలిగించరాదని కోరుతూ కమిటీ మ్యూరియల్‌కు వినతిపత్రం పంపింది, ముప్ఫై సంతకాలతో.

మ్యూరియల్ అది చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ చలికాలంలో ఆమె గుండెకు అంత మంచి మందు ఏ డాక్టరూ ఇవ్వలేదు. మర్నాడు కిటికీలో అట్టముక్క వెలిసింది, పెద్దపెద్ద అక్షరాలతో: "డెబ్భై అయిదు దాటినవారికి ఉచితం. నిండనివారు ఆగవలెను."

నిబంధన నిబంధనే. డెబ్భై నాలుగేళ్ళ సిరిల్ తన కుర్చీని వెనక్కి, నీలి తెర వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఏడున్నర కాగానే, తల తిప్పకుండా, "వినిఫ్రెడ్, ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడుగుతూ ఉంటాడు. పరాయివాళ్ళ కాపురం సంగతి ఇంకొకరి నోట వినడానికి ఏ దేశంలోనూ లైసెన్సు అక్కర్లేదు, వయసుతోనూ పనిలేదు. కాదంటారా? మరి ఇంతసేపూ మీరు చేసిందేమిటి?