వేలిముద్రలు పడకూడదు

ఆ ఉదయం మామగారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగి, పేపరు చదివి, క్షవరానికి వెళ్లి రావాలి. పేపరు దగ్గరే చిక్కు వచ్చిపడింది.

"నా టేబుల్ లైటు ఏమైంది?"

"నా బటర్ పేపరు ఎక్కడికి పోయిందో అదీ అక్కడికే పోయుంటుంది. ఉతికిన తెల్ల దుప్పటి కూడా లేదు," అన్నారు వంటింట్లోంచి అత్తగారు.

మామగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. సీట్లో ఎవరైనా కునుకు తీస్తుంటే టికెట్ లేక నటిస్తున్నాడనుకునే రకం. అలాంటి మనిషి ఇంట్లో, ఫ్యాక్టరీ మూతపడి భార్యతో సహా వచ్చి ఉంటున్న అల్లుడు పట్టపగలు తలుపేసుకుని కూర్చుంటే ముద్ద ఎలా దిగుతుంది? కూతురు ఆఫీసుకు వెళ్లగానే ఆయన పిల్లిలా నడిచి వెళ్లి గది తలుపుకు చెవి ఆనించారు. లోపల అల్లుడు ఫోన్లో ఉన్నాడు.

"కంగారు పడకండి సార్. గ్లవ్స్ వేసుకునే పట్టుకుంటున్నా. ఒక్క వేలిముద్ర కూడా పడదు. మధ్యాహ్నంలోగా పంపేస్తా. ఇంట్లో ఎవరికీ తెలీదు."

మామగారు వంగి తాళం కన్నంలోంచి చూశారు. తెల్ల దుప్పటి మీద వరసగా పర్సులు. చివర్న మూలలు అరిగి, దారాలు లేచిన పాతదొకటి. దాన్ని ఆయన ఎక్కడున్నా గుర్తుపడతారు. వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న తన చొక్కా జేబు తడిమారు. ఖాళీ.

"అల్లుడు జేబులు కొడుతున్నాడే," అన్నారు వంటింట్లోకి వచ్చి.

"ఎవరివి?"

"ప్రస్తుతానికి నాది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతా. నువ్వు మెయిన్ ఆపు, చీకట్లో తడబడతాడు."

"పట్టపగలు చీకటేంటండీ?" అంటూనే అత్తగారు వెళ్లి మెయిన్ ఆపారు. ఆయనతో వాదించడం కన్నా అదే తేలిక.

పాపం అల్లుడి సంగతి వేరు. ఫ్యాక్టరీలో తోలు పని చేసిన చేతులతో పర్సులు కుట్టాడు. తోలు మీద వేలి మరక ఒక్కటీ కనబడకూడదని, ఫోటోలు నచ్చితే ఆర్డరిస్తానని అన్నాడు ఒక షాపు యజమాని. నచ్చకపోతే మామగారి స్నేహితుడి గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం తప్పదు. ఆ ఉద్యోగం తలచుకుంటేనే అతనికి ఏడుపొచ్చేది. అందుకే వెలుతురు మెత్తగా పడేలా లైటుకు అడ్డంగా బటర్ పేపరు కట్టి, ఫ్రిజ్ పెట్టెలోని థర్మాకోల్ ముక్కను ఎదురుగా నిలబెట్టి, పుస్తకాల దొంతర మీద ఫోను ఆనించాడు. ఫోన్లో టైమర్ నొక్కి పక్కకు తప్పుకున్నాడు. లైటు ఆరిపోయింది.

తలుపు తెరుచుకుంది. మామగారు ఒక్క ఉదుటున వచ్చి పాత పర్సును ఒడిసిపట్టారు. ఫోను క్లిక్‌మంది. ఆయన కాలికి దుప్పటి చుట్టుకుంది, ఆయన థర్మాకోల్ మీద పడ్డారు, లైటు నేల మీద పడింది, బల్బు పగిలింది.

"దొరికావు," అన్నారు కింద నుంచే.

"మామయ్యగారూ, అవి నేను కుట్టినవి. అమ్మకానికి."

"ఇది కూడానా?"

"అది మీదే. అడిగితే ఎందుకంటారు, ఆ ఎందుకుకి జవాబు చెప్పేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. పక్కన అలాంటిదొకటి ఉంటే కొత్తవాటి అందం తెలుస్తుందని పెట్టా."

మామగారికి సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అల్లుడి మొహం చూశాక సిగ్గే మిగిలింది. ఇంట్లో ఇంకో బల్బు లేదు, టైము లేదు. ఫోన్లో ఉన్న నాలుగు ఫోటోలూ ఏరకుండానే పంపేసి అల్లుడు గోడకు చేరగిలపడ్డాడు.

సాయంత్రం షాపు యజమాని ఫోన్ చేశాడు. అందరూ వినాలని మామగారే స్పీకర్ నొక్కారు.

"కొత్తవి ప్రతి షాపులో ఉండేవేనయ్యా. ఆ పాతదాన్ని పెద్దాయన చెయ్యి లాక్కుంటున్న ఫోటో ఉంది చూడు, తలుపు వైపు నుంచి వెలుతురు భలే పడింది. పర్సంటే అలా పట్టుకోవాలనిపించాలి. అచ్చం ఆ మోడలే కుట్టివ్వు, ఆర్డరు నీదే. ఆ చెయ్యి ఎవరిది?"

"మా మామగారిదండీ."

"ఆయన్ని జాగ్రత్తగా చూసుకో."

మామగారు గొంతు సవరించుకుని, నమూనాకు పర్సు ఇస్తాను గానీ కొలతలు తీసేటప్పుడు తాను పక్కనే కూర్చుంటానన్నారు. కూర్చున్నారు కూడా.

అప్పటి నుంచి ఆయన పర్సును దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నారు. తెల్లారి చూస్తే పర్సు భద్రంగానే ఉంటోంది, దిండు మీది తెల్ల గలీబే కనబడటం లేదు.